కీలు లోపల తవ్వకం
నొప్పి బిళ్లతో నొప్పి తగ్గుతుంది. ఎముక కరగడం మాత్రం ఆగదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో ఆ పని చేయిస్తున్నది మన సొంత రోగనిరోధక వ్యవస్థే.

హైదరాబాద్‌లోని కార్వాన్ తెల్లారకముందే మేలుకుంటుంది. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో బంతి, చేమంతి మూటలు దిగుతుంటాయి. జియాగూడ వైపు నుంచి మాంసం బండ్లు బయల్దేరుతాయి. గల్లీల్లో పాల క్యాన్ల చప్పుడు మొదలవుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న మనిషి రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 (ఐఎల్-6) అనే ప్రొటీన్ స్థాయి పెరిగేది కూడా సరిగ్గా ఆ వేళకే. రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి విడుదల చేసే ప్రొటీన్లను సైటోకైన్లు అంటారు. ఐఎల్-6 వాటిలో ఒకటి. అందుకే ఆ మనిషి నిద్ర లేచి పిడికిలి బిగించబోతే వేళ్లు ముడుచుకోవు. కొళాయి తిరగదు, రవిక హుక్కు పడదు, చపాతీ పిండి కలపడానికి చెయ్యి లొంగదు. గంటో గంటన్నరో గడిచాక కాస్త సడలుతుంది. ‘వాతం చేసింది లే’ అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. పక్కింటివాళ్లు గఠియా అంటారు. వేడినీళ్లు, జండూబామ్, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న రెండు బిళ్లలతో పొద్దు గడుస్తుంది.

నొప్పి సంగతి అనుభవించేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఎముక సంగతి. నొప్పి బాధపెట్టి పోతుంది, మళ్లీ వస్తుంది. ఈ జబ్బులో ఒకసారి పోయిన ఎముక మాత్రం చాలావరకు తిరిగి రాదు. అది పోతున్నప్పుడు మనకు వేరుగా ఏమీ తెలియదు.

చేతుల మీద బతికే చోటు

కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోట నుంచి నగరంలోకి వచ్చే దారి కార్వాన్ మీదుగా, 1578లో కట్టిన పురానాపూల్ దాటి చార్మినార్ వైపు సాగేది. ఆ దారి పొడవునా వజ్రాల వర్తకులు, రాళ్లు సానబట్టేవాళ్లు ఉండేవారు. ఫ్రెంచి రత్నాల వ్యాపారి తావెర్నియే తన యాత్రల పుస్తకంలో గోల్కొండ వజ్రాల గురించి రాశాడు. ఆ వైభవానికి ఇప్పుడు గట్టి సాక్ష్యం 1671లో మూసాఖాన్ మహల్దార్ కట్టించిన తోలి మసీదు. దాని గచ్చు పనిలో ఒక్కో నగిషీ ఎవరో ఒకరి వేళ్ల నేర్పు.

వజ్రాలు పోయాయి కానీ చేతిపని పోలేదు. చుట్టుపక్కల పూలదండలు కట్టేవాళ్లు, ధూల్‌పేటలో వినాయక విగ్రహాలు, పతంగులు చేసేవాళ్లు, ఇళ్లలో కుట్టుమిషన్ తొక్కేవాళ్లు, నాలుగిళ్లలో గిన్నెలు తోమేవాళ్లు ఉన్నారు. వీళ్ల ఇంటి ఆదాయమంతా వేళ్ల మీదే నడుస్తుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఎక్కువగా మొదట పట్టేవి కూడా వేళ్ల మొదళ్లు, మధ్య కణుపులు, మణికట్లు. సాధారణంగా రెండు చేతులకూ వస్తుంది. మగవారి కంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఢిల్లీ దగ్గరి పల్లెల్లో చేసి 1993లో ప్రచురించిన సర్వేలో పెద్దవారిలో 0.75 శాతం మందికి ఈ జబ్బు కనిపించింది. ఆ లెక్కన వెయ్యిమంది పెద్దవాళ్లున్న బస్తీలో ఏడెనిమిది మంది ఉండొచ్చు. వాళ్లలో ఎక్కువమంది ఇల్లు గడిపే వయసులో ఉన్న ఆడవాళ్లే.

ఎముక ఎందుకు కరుగుతుంది?

ఎముకను మనం రాయిలా ఊహించుకుంటాం. నిజానికి అది అనుక్షణం పాతది తీసేసి కొత్తది కట్టుకునే సజీవ కణజాలం. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏటా దాదాపు పదో వంతు ఇలా మారిపోతుంది. పాతబస్తీలో గచ్చు ఇంటికి మరమ్మతు చేయడం చూసినవాళ్లకు ఈ పద్ధతి తేలిగ్గా అర్థమవుతుంది. ముందు కూలీలు వచ్చి పెళుసుబారిన గచ్చును గీకి తీసేస్తారు. వెనకే మేస్త్రీ కొత్త సున్నం దట్టిస్తాడు. ఎముకలో ఆ కూలీల పేరు ఆస్టియోక్లాస్టులు, మేస్త్రీల పేరు ఆస్టియోబ్లాస్టులు. గీకడం కొన్ని వారాల పని, పూడ్చడం నెలల పని. ఇద్దరూ సమంగా పనిచేస్తున్నంత కాలం గోడ నిలుస్తుంది.

ఆస్టియోక్లాస్టు ఆకాశం నుంచి ఊడిపడదు. రక్తంలో తిరిగే తెల్లకణాల జాతిలోని మోనోసైట్ల నుంచే పుడుతుంది. అవి కొన్ని కలిసిపోయి అనేక కేంద్రకాలున్న ఒక పెద్ద కణంగా మారతాయి. అది ఎముకకు గట్టిగా అంటుకుని, కింద ఆమ్లం వదిలి ఖనిజాన్ని కరిగిస్తుంది. తర్వాత క్యాథెప్సిన్-కె అనే ఎంజైముతో మిగిలిన ప్రొటీన్‌ను కోసేస్తుంది. రోగాలతో పోరాడే కణాలూ ఎముకను తవ్వే కణాలూ ఒకే వంశం అన్నమాట. అందుకే రోగనిరోధక వ్యవస్థ వదిలే కబురు ఎముక దాకా చేరుతుంది.

ఈ బంధాన్ని మొదట పసిగట్టింది 1972లో. మనిషి రక్తంలోని తెల్లకణాలను పెంచిన ద్రవాన్ని ఎముక ముక్కల మీద పోస్తే ఎముక కరిగిందని ఆ ఏడాది ‘సైన్స్’ పత్రికలో హోర్టన్, రైజ్ బృందం రాసింది. ఆ ద్రవంలో ఉన్నదేమిటో తేలడానికి పదమూడేళ్లు పట్టింది. అందులో ముఖ్యమైనది ఐఎల్-1 అనే సైటోకైన్ అని 1985లో గుర్తించారు.

అసలు తాళంచెవి 1997, 98 ప్రాంతాల్లో దొరికింది. ఒకేసారి నాలుగు బృందాలు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే ప్రొటీన్ దగ్గర ఆగాయి. ఎవరికి వారు ఒక పేరు పెట్టుకున్నారు కానీ చివరకు నిలిచింది ర్యాంక్‌ఎల్ అన్న పేరు. మోనోసైట్ మీద ర్యాంక్ అనే గ్రాహకం ఉంటుంది. ర్యాంక్‌ఎల్ వచ్చి దాన్ని తాకితేనే అది ఆస్టియోక్లాస్టుగా మారుతుంది. ఈ ప్రొటీన్ లేకుండా పుట్టించిన ఎలుకల్లో ఆస్టియోక్లాస్టులే లేవు. ఎముకలు మితిమీరి గట్టిపడ్డాయి, పళ్లు చిగుళ్లు చీల్చుకుని బయటికి రాలేకపోయాయి. ర్యాంక్‌ఎల్‌కు అడ్డుకట్టగా ఒంట్లో ఓపీజీ అనే మరో ప్రొటీన్ ఉంది. అది ర్యాంక్‌ఎల్‌ను మధ్యలోనే పట్టేసుకుని గ్రాహకం దాకా పోనివ్వదు. ర్యాంక్‌ఎల్, ఓపీజీల మధ్య నిష్పత్తి ఎటు మొగ్గితే ఎముక భవిష్యత్తు అటు పోతుంది.

ఇక జబ్బు పడ్డ కీలులో జరిగేది చూడండి. కీలు లోపలి గోడకు సైనోవియం అనే పలుచని పొర ఉంటుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో ఆ పొర ఉబ్బి, దళసరి అయి, టీ కణాలు, బీ కణాలు, మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలతో నిండిపోతుంది. మాక్రోఫేజ్‌లు టీఎన్‌ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6 అనే సైటోకైన్లను వదులుతాయి. ఒక రకం టీ కణాలు ఐఎల్-17ను వదులుతాయి. ఇవన్నీ కలిసి పొరలోని ఫైబ్రోబ్లాస్టులనే కణాలను రెచ్చగొడితే, అవి ర్యాంక్‌ఎల్‌ను పెద్దఎత్తున తయారుచేస్తాయి. మొదట్లో ఈ పాపమంతా టీ కణాలదే అనుకున్నారు. ఫైబ్రోబ్లాస్టుల పాత్ర ఎంత పెద్దదో తర్వాత తేలింది.

టీఎన్‌ఎఫ్ ఒక్కటే మూడు వైపుల నుంచి దెబ్బ కొడుతుంది. ఆస్టియోక్లాస్టులుగా మారదగ్గ కణాల సంఖ్య పెంచుతుంది. కొద్దిపాటి ర్యాంక్‌ఎల్ ఉన్నా చాలు, ఆ కణాలను నేరుగా ఆ దారి పట్టిస్తుంది. డీకేకే-1 అనే ప్రొటీన్‌ను పెంచి ఎముక కట్టే ఆస్టియోబ్లాస్టుల చేతులు కట్టేస్తుంది. చాలా జబ్బుల్లో ఒంటికి గాయం చేసే శక్తి, మాన్పే శక్తి పక్కపక్కనే నడుస్తాయి. ఇక్కడ గాయం చేసే శక్తే మాన్పే శక్తిని పని చేయనివ్వడం లేదు. ఎక్స్‌రేలో కణుపు అంచున కనిపించే చిన్న నల్లటి గుంట ఏళ్ల తరబడి పూడకుండా ఉండిపోవడానికి కారణం ఇదే. సరైన చికిత్స అందని చాలామందిలో ఆ గుంట మొదటి రెండేళ్లలోనే కనిపిస్తుంది.

నష్టం కీలు అంచుతో ఆగదు. వాచిన కీలు చుట్టుపక్కల ఎముక పలుచబడుతుంది. ఈ సైటోకైన్లు రక్తంలో తిరుగుతాయి కాబట్టి వెన్నుపూస, తుంటి ఎముక కూడా బలహీనపడతాయి. వేళ్ల జబ్బు అనుకున్న మనిషి పదేళ్ల తర్వాత బాత్రూంలో జారిపడి తుంటి విరిగి ఆసుపత్రికి చేరితే, ఆ రెండింటినీ ఎవరూ కలిపి చూడరు.

ఇంకా కలవరపెట్టే విషయం ఒకటుంది. ఈ జబ్బులో యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలో కనిపించే యాంటీబాడీలు కొందరిలో కీళ్లు వాయడానికి ఏళ్ల ముందే పుడతాయి. జర్మనీలో ఎర్లాంగెన్ బృందం ఆ యాంటీబాడీలున్నా ఇంకా కీళ్ల వాపు రాని మనుషుల చేతులను సూక్ష్మంగా స్కాన్ చేసి 2014లో ఫలితాలు ప్రచురించింది. వాళ్ల ఎముక అప్పటికే పలుచబడి ఉంది. ఈ యాంటీబాడీలు పుట్టే ముప్పును పెంచేవాటిలో పొగతాగడం ముందుంటుంది.

వాపు వేరు, తవ్వకం వేరు

2001లో గ్రావలీస్ బృందం ర్యాంక్‌ఎల్ లేని ఎలుకలకు కావాలని కీళ్లవాపు తెప్పించింది. కీళ్లు మామూలు ఎలుకల్లో లాగే ఉబ్బాయి. ఎముక మాత్రం చెక్కుచెదరలేదు. మరుసటి ఏడాది వియన్నా శాస్త్రవేత్తలు మరో పద్ధతిలో ఆస్టియోక్లాస్టులు లేని ఎలుకలను తీసుకుని చూశారు. అదే ఫలితం. వాపు, ఎముక నష్టం ఒకే మూలం నుంచి పుట్టినా రెండు దారుల్లో నడుస్తాయని అప్పుడు రూఢి అయింది.

మనుషుల్లోనూ అంతే. ఇన్‌ఫ్లిక్సిమాబ్ టీఎన్‌ఎఫ్‌ను పట్టి ఆపే మందు. దాన్ని మెతోట్రెక్సేట్ అనే మరో మందుతో కలిపి ఇచ్చిన అట్రాక్ట్ అనే పరీక్షలో 428 మంది పాల్గొన్నారు. వాళ్ల ఎక్స్‌రేలను తర్వాత మళ్లీ పరిశీలిస్తే, మందుతో వాపు, నొప్పి పెద్దగా తగ్గనివాళ్లలో కూడా ఎముక నష్టం బాగా నెమ్మదించింది. ర్యాంక్‌ఎల్‌ను అడ్డుకునే డెనోసుమాబ్ ఇంజెక్షన్ సంగతి ఇంకా స్పష్టం. అది రుమటాయిడ్ రోగుల్లో ఎముక గుంటలు పెరగకుండా ఆపింది, కీళ్ల వాపును మాత్రం తాకలేదు. జపాన్ 2017లో దాన్ని ఈ పనికి అనుమతించింది. మృదులాస్థిని కాపాడలేదు కాబట్టి అది ఒక్కటే చాలదు. అర్ధంతరంగా మానేస్తే వెన్నుపూసలు విరిగే ప్రమాదమూ ఉంది.

కార్వాన్‌లో ఉన్నవాళ్లకు ఎలుకల కథ ఎందుకు అనిపించవచ్చు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లల పనితీరు ఈ కథలోనే ఉంది. అవి ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను తగ్గించి నొప్పి తెలియనివ్వవు. టీఎన్‌ఎఫ్, ర్యాంక్‌ఎల్‌ల పని ఆపలేవు. బిళ్ల వేసుకుని చక్కగా పూలు కట్టుకుంటున్న మనిషి వేళ్లలో ఎముక అదే వేగంతో పోతూ ఉంటుంది. పైగా ఏళ్ల తరబడి వాడితే కిడ్నీకి, కడుపుకు చేటు.

స్టెరాయిడ్‌ది మరో తిరకాసు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే మంచం పట్టిన రోగులు లేచి నడిచారు. 1950లో ఆయనకు, మరో ఇద్దరికి నోబెల్ వచ్చింది. ఆ అద్భుతం ఇప్పటికీ మన వీధుల్లో వేరే రూపంలో తిరుగుతోంది. ‘ఒక్క ఇంజక్షన్‌తో నడిపిస్తాడు’ అన్న పేరుమీద, మూలికల పొడి పేరుమీద స్టెరాయిడ్ కలిపి ఇచ్చేవాళ్లున్నారు. స్టెరాయిడ్ సైటోకైన్లను అణచివేస్తుంది, నిజమే. అదే సమయంలో ఆస్టియోబ్లాస్టులను చంపుతుంది. మొదలుపెట్టిన తొలి నెలల్లోనే ఎముక సాంద్రత వేగంగా పడిపోతుంది. డాక్టర్ తక్కువ మోతాదులో కొద్ది వారాలు ఇచ్చే స్టెరాయిడ్‌కు చికిత్సలో చోటుంది. పేరులేని పొడిలో ఎంత ఉందో ఎవరికీ తెలియదు. అయితే ఇన్నాళ్లూ వాడి ఇది చదివి ఒక్కసారిగా ఆపేయకండి. అలా ఆపడం ప్రాణం మీదికి తెస్తుంది. డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి.

భీమవరం నుంచి వచ్చిన మందు

ఈ జబ్బుకు ఈరోజు ప్రపంచమంతా మొదట ఇచ్చే మందు మెతోట్రెక్సేట్. దాని వెనక ఒక తెలుగువాడున్నాడన్నది మనలో చాలామందికి తెలియదు. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి బోస్టన్ చేరారు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఎముకకు గట్టిదనమిచ్చే ఖనిజంలో కాల్షియంతో పాటు ఉండేది ఆ ఫాస్ఫరసే. అన్నదమ్ములను స్ప్రూ అనే వ్యాధి బలితీసుకున్న మనిషి ఆయన. దానికి మందైన ఫోలిక్ యాసిడ్‌ను లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసింది. తర్వాత ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే అణువులనూ తయారుచేసింది. అమినోప్టెరిన్, మెతోట్రెక్సేట్ అలా పుట్టినవే. సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 1948లో అమినోప్టెరిన్‌తో బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు కొంతకాలం ఉపశమనం తెచ్చారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

1951లో గబ్నర్ అనే వైద్యుడు అమినోప్టెరిన్‌తో కీళ్లవాతం తగ్గుతోందని రాశాడు. కార్టిజోన్ మోజులో ఎవరూ పట్టించుకోలేదు. వారానికొకసారి తక్కువ మోతాదులో మెతోట్రెక్సేట్ ఇస్తే ఈ జబ్బు అదుపులోకి వస్తుందని 1980ల్లో పరీక్షలు నిరూపించాక, 1988లో అమెరికా అనుమతించింది. నడుమ గడిచిన ముప్పై ఏడేళ్లలో ఎన్ని లక్షల చేతులు వంకరపోయాయో తలచుకుంటే మనసు కలచివేస్తుంది. ఆ మందు చవక. సైటోకైన్ల జోరును తగ్గించి ఎముక నష్టాన్ని నెమ్మదింపజేస్తుంది. నొప్పి బిళ్లలా రెండు రోజుల్లో ఫలితం చూపదు, ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈ ఆలస్యం తెలియకే చాలామంది మధ్యలో మానేస్తారు.

ఖరీదైన మందుల పేర్లు కూడా మనకు కొత్తవేం కావు. 2021లో కోవిడ్ రెండో దశలో టోసిలిజుమాబ్ కోసం హైదరాబాద్ అంతా పరుగులు పెట్టింది గుర్తుందా? అది ఐఎల్-6 గ్రాహకాన్ని మూసే మందు. అమెరికాలో 2010లో దాన్ని మొదట అనుమతించింది రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కే. 2021లోనే హైదరాబాద్‌కు చెందిన హెటిరో దాని బయోసిమిలర్‌కు, అంటే దాన్ని పోలిన మందుకు, కోవిడ్ అత్యవసర అనుమతి తెచ్చుకుంది. అప్పుడే నాట్కో తయారుచేసిన బారిసిటినిబ్ బిళ్ల కూడా ఈ జబ్బు మందే. సైటోకైన్ కబురు కణం లోపలికి చేరే దారిని అది మూస్తుంది. బీ కణాలను తగ్గించే రిటుక్సిమాబ్‌కు 2007లోనే డాక్టర్ రెడ్డీస్ బయోసిమిలర్ తెచ్చింది. ప్రపంచానికి మందులు పంపే నగరంలో, ఆ మందుల కర్మాగారాలకు కూతవేటు దూరంలో, జబ్బు పేరే తెలియని ఇల్లాలు వేళ్లు వంకరపోయాక ఆసుపత్రికి రావడం నాకు మింగుడుపడదు.

ఈ మందులన్నీ రోగనిరోధక శక్తిని కొంత తగ్గించేవే. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందులతో నిద్రాణంగా ఉన్న క్షయ తిరగబెట్టవచ్చు. మన దగ్గర అది చిన్న ముప్పు కాదు. అందుకే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. మెతోట్రెక్సేట్ వాడేవాళ్లు లివర్, రక్తకణాల పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. గర్భంతో ఉన్నవాళ్లు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు దాన్ని అస్సలు వాడకూడదు.

ఎముకకు ముడిసరుకు కూడా కావాలి. ఎండ పుష్కలంగా ఉండే దక్షిణాదిలోనూ విటమిన్-డి లోటు విపరీతంగా ఉందని తిరుపతి స్విమ్స్‌లో హరినారాయణ్ బృందం చూపించింది. ఇరుకు గల్లీల్లో, ఇంటి నాలుగు గోడల మధ్యే పొద్దంతా గడిపే ఆడవాళ్ల సంగతి ఇక చెప్పేదేముంది. కాల్షియం, విటమిన్-డి ఈ జబ్బును ఆపవు. లోటు మీద లోటు పడకుండా కాపాడతాయి.

ఆరు వారాలు

పంజాగుట్టలోని నిమ్స్‌లో, ఒకప్పటి నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిలో, రుమటాలజీకి ప్రత్యేక విభాగం ఉంది. కార్వాన్ నుంచి మెహదీపట్నం మీదుగా పోతే పెద్ద దూరమేం కాదు. దూరమల్లా జబ్బును గుర్తించడంలోనే. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. అక్కడి డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే. చేతులు పట్టేస్తున్నాయని వచ్చిన ప్రతి అమ్మకూ నొప్పి బిళ్ల రాసే ముందు, ఆమె చేతిని మీ చేతిలోకి తీసుకుని వేళ్ల మొదళ్లు అడ్డంగా ఒక్కసారి మెత్తగా నొక్కి చూడండి. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంటే సీఆర్‌పీ, యాంటీ సీసీపీ పరీక్షలు రాసి రుమటాలజీకి పంపండి. సీఆర్‌పీని లివర్ తయారుచేసేది ప్రధానంగా ఐఎల్-6 ఆజ్ఞ మీదే. ఆ చిన్న పరీక్ష కీలులో ఏం జరుగుతోందో కొంతైనా చెబుతుంది. అయితే సీఆర్‌పీ మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని పంపించేయకండి.

ఇంట్లోవాళ్లకూ ఒక మాట. పొద్దున్నే అమ్మ వేళ్లు అరగంట దాటినా సడలకపోతే, కణుపుల్లో వాపు ఆరు వారాలైనా పోకపోతే, దాన్ని వయసు మీదికో వానాకాలం మీదికో నెట్టేసి ఇంకో నెల గడపకండి. కీళ్ల డాక్టర్‌కు, అంటే రుమటాలజిస్టుకు చూపించండి. మెతోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన మందు. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. వారంలో ఏ రోజు వేసుకోవాలో బిళ్లల అట్ట మీద పెన్నుతో రాసి పెట్టండి. నొప్పి తగ్గిందని మాత్రం డాక్టర్‌ను అడక్కుండా మానేయనివ్వకండి.